ఎప్పుడు? ఎంతసేపు? ఎన్నాళ్ళు? కంప్యూటర్ భాషలు కాలం లెక్క నేర్చుకున్న కథ

తెలుగు నేర్చుకునేవాళ్ళకి మొదట్లోనే ఎదురయ్యే ప్రశ్నలు మూడు ఉన్నాయి. ఎప్పుడు వచ్చావు? ఎంతసేపు ఉంటావు? ఎన్నాళ్ళు ఉంటావు? మూడూ కాలం గురించినవే. కానీ మూడూ వేరు. "ఎప్పుడు" అంటే కాలంలో ఒక చుక్క. "ఎంతసేపు" అంటే గంటల్లో, నిమిషాల్లో కొలిచే పొడవు. "ఎన్నాళ్ళు" అంటే రోజులు, నెలలు, ఏళ్ళు, అంటే క్యాలెండర్ మీద వేసే అడుగులు.

"సేపు" అనే మాట ఎక్కడ అతుకుతుందో చూడండి. కాసేపు, చాలాసేపు, పది నిమిషాలసేపు, గంటసేపు. ఇవన్నీ సరే. "నెలసేపు" అని ఎవరూ అనరు. అంటే ఇంట్లో పెద్దవాళ్ళు నవ్వుతారు. నెలకి "నెల రోజులు" అనో "నెలపాటు" అనో అంటాం. సేపు గంట దగ్గర ఆగిపోతుంది, ఆ పైన వేరే మాటలు వస్తాయి.

ఈ సారి రాయాలనుకున్నది కంప్యూటర్ల చరిత్ర. ప్రోగ్రాములు రాసే భాషలు కాలాన్ని ఎలా కూడతాయి, ఎలా తీసివేస్తాయి అన్న విషయం. పైకి చిన్న విషయంలా ఉంటుంది. కానీ "ఎంతసేపు" వేరు, "ఎన్నాళ్ళు" వేరు అని ఆ భాషలకి తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిసేలోపు చాలా తప్పులు జరిగాయి. కాలం లెక్క తప్పి మనుషులు పోయిన రోజు కూడా ఉంది.

గడియ, తిథి, అహర్గణం

ముందు కంప్యూటర్ లేని కాలం. ఒక పగలూ ఒక రాత్రీ కలిపి 60 గడియలు. కాబట్టి గడియ అంటే 24 నిమిషాలు. గడియలో 60 విఘడియలు, అంటే విఘడియకి 24 సెకన్లు. రెండు గడియలు ఒక ముహూర్తం, 48 నిమిషాలు. ఏడున్నర గడియలు ఒక జాము, మూడు గంటలు. గడియని కొలవడానికి అడుగున చిన్న రంధ్రం ఉన్న రాగి గిన్నెని నీళ్ళ మీద వదిలేవారు. గిన్నె నిండి మునిగితే ఒక గడియ అయినట్టు. ఆ గిన్నెని ఘటి అనేవారు. "గడియారం" అనే మాట అక్కడినుంచే వచ్చింది.

గడియ "ఎంతసేపు"కి జవాబు. ఏ రోజు కొలిచినా గిన్నె ఒకేలా మునుగుతుంది.

పంచాంగంలో ఇంకో రకం కొలత కూడా ఉంది. తిథి. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం ఆకాశంలో 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి గడిచినట్టు. చంద్రుడు ఎప్పుడూ ఒకే వేగంతో వెళ్ళడు. అందుకని ఒక తిథి సుమారు 19 గంటల్లో అయిపోవచ్చు, ఇంకొకటి సుమారు 26 గంటలు సాగవచ్చు. నెలలో 30 తిథులు ఉంటాయి కానీ చాంద్రమాసానికి రోజులు సుమారు 29న్నర. సౌర సంవత్సరంతో కలపడానికి సుమారు 32, 33 నెలలకి ఒకసారి అధిక మాసం వస్తుంది. కాబట్టి "రెండు తిథుల తర్వాత" అంటే ఎన్ని గడియలో లెక్క కట్టకుండా చెప్పలేం. పంచాంగం ఈ రెండు కొలతల్నీ కలపదు. ఈ రోజు ఫలానా తిథి ఎన్ని గడియల వరకు ఉంది అని రెండిటినీ పక్కపక్కన రాస్తుంది.

పంచాంగం లెక్క కట్టేవాళ్ళ దగ్గర ఇంకో ఉపాయం ఉంది. దాని పేరు అహర్గణం. అహస్సు అంటే పగలు, గణం అంటే గుంపు. ఒక మొదటి రోజునుంచి ఈ రోజు వరకు గడిచిన రోజుల మొత్తం. సిద్ధాంత గ్రంథాల్లో ఆ మొదటి రోజు కలియుగం మొదలైనట్టు చెప్పే క్రీస్తుపూర్వం 3102 ఫిబ్రవరిలో ఉంటుంది. కరణ గ్రంథాలు మాత్రం తమ కాలానికి దగ్గరగా ఉన్న రోజుని తీసుకుంటాయి, అంకెలు చిన్నవిగా ఉంటాయని. ఏదైనా పద్ధతి ఒకటే. రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో కావాలంటే రెండిటినీ అహర్గణంగా మార్చి తీసివేస్తే చాలు.

ఇది గుర్తు పెట్టుకోండి. కంప్యూటర్లు చేసిందీ ఇదే. దగ్గరలో ఒక మొదటి రోజుని తీసుకుని, అక్కడినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాయి.

1971: సెకనులో అరవయ్యో వంతు

యూనిక్స్ అనే వ్యవస్థ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. దాని మొదటి మాన్యువల్ 1971 నవంబరు నాటిది. అందులో కాలం అంటే 1971 జనవరి 1 నుంచి గడిచిన టిక్కుల సంఖ్య. ఒక టిక్కు సెకనులో అరవయ్యో వంతు. అమెరికా కరెంటు సెకనుకి 60 సార్లు అటూ ఇటూ మారుతుంది, కంప్యూటర్ గడియారం దాన్నే లెక్కపెట్టేది. గడియని 60 భాగాలు చేసినట్టే ఇక్కడ సెకనుని 60 భాగాలు చేశారు, కానీ కారణం వేరు.

ఆ సంఖ్యకి 32 బిట్ల చోటు ఉండేది. అందులో పట్టేవి సుమారు 429 కోట్ల టిక్కులు. 60తో భాగిస్తే సుమారు 7 కోట్ల 16 లక్షల సెకన్లు. రోజుకి 86,400 సెకన్ల చొప్పున సుమారు 828 రోజులు. రెండేళ్ళ మూడు నెలల్లో చోటు నిండిపోతుంది! ఈ చోటు కొద్ది ఏళ్ళకే సరిపోతుందని ఆ మాన్యువల్ తానే చెప్పుకుంది.

తర్వాత టిక్కుని ఒక పూర్తి సెకను చేశారు. మొదటి రోజు 1970 జనవరి 1 అయింది. సంఖ్యలో ఒక బిట్టు ప్లస్ మైనస్ గుర్తుకి పోతుంది. మిగిలిన చోటు 68 ఏళ్ళకి సరిపోతుంది. అది 2038 జనవరి 19న, ఇండియాలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి నిండుతుంది. కొత్త కంప్యూటర్లు 64 బిట్లకి మారాయి కాబట్టి వాటికి ఆ భయం లేదు. ఎవరూ ముట్టుకోని పాత యంత్రాల సంగతి వేరు.

ఈ పద్ధతిలో ఒక సుఖం ఉంది. "ఎప్పుడు" అనేది ఒక మామూలు అంకె. రెండు అంకెలు తీసివేస్తే "ఎంతసేపు" వస్తుంది. ఒక చిక్కు కూడా ఉంది. "ఎప్పుడు" ఒక అంకె, "ఎంతసేపు" కూడా ఒక అంకె. చూడ్డానికి రెండూ ఒకటే. రెండు "ఎప్పుడు"లని కూడితే అర్థం లేదు. సోమవారం ప్లస్ మంగళవారం ఎంత? కానీ భాష ఆపదు, కూడి ఇచ్చేస్తుంది. ఆ అంకె సెకన్లా, మిల్లీసెకన్లా అన్నది కూడా దాని మీద రాసి ఉండదు. యూనిక్స్‌లో "ఐదు నిద్రపో" అంటే ఐదు సెకన్లు. విండోస్‌లోనూ జావాలోనూ అదే ఐదు అంటే ఐదు మిల్లీసెకన్లు. ఒకచోట అలవాటైన చేయి ఇంకోచోట అదే రాస్తే, ప్రోగ్రాము తప్పు అనదు. వేరే పని చేస్తుంది.

1991: దహ్రాన్

సౌదీ అరేబియా తూర్పు తీరంలో, దమ్మామ్ పక్కన, దహ్రాన్ ఉంది. గల్ఫ్‌లో మనవాళ్ళు ఉన్న ఇళ్ళల్లో ఈ పేర్లు వినే ఉంటారు. 1991లో గల్ఫ్ యుద్ధం జరుగుతున్నప్పుడు అక్కడ అమెరికా సైన్యం పేట్రియట్ అనే రక్షణ వ్యవస్థని పెట్టింది. శత్రువు క్షిపణి వస్తే దాన్ని ఆకాశంలోనే కొట్టడం దాని పని. ఫిబ్రవరి 25 రాత్రి ఇరాక్ వదిలిన ఒక స్కడ్ క్షిపణి సైనికులు ఉన్న భవనం మీద పడింది. 28 మంది చనిపోయారు, సుమారు 100 మందికి గాయాలయ్యాయి. పేట్రియట్ ఆ స్కడ్‌ని కొట్టడానికి ప్రయత్నించనే లేదు. ఎందుకు?

పేట్రియట్ కంప్యూటర్ తనని ఆన్ చేసిన క్షణం నుంచి కాలాన్ని లెక్కపెట్టేది. టిక్కు సెకనులో పదో వంతు. టిక్కుల సంఖ్యని పదో వంతుతో గుణిస్తే సెకన్లు వస్తాయి. ఇక్కడే చిక్కు. మన అంకెల్లో మూడో వంతుని రాయబోతే 0.333 అని ఎప్పటికీ అయిపోదు. కంప్యూటర్ వాడే రెండు అంకెల పద్ధతిలో పదో వంతుకి అదే గతి. ఎంత రాసినా ఇంకా మిగులుతుంది. ఆ కంప్యూటర్లో 24 బిట్ల చోటే ఉంది కాబట్టి మిగతాది కోసేశారు. కోసిన ముక్క టిక్కుకి సుమారు 0.000000095 సెకను. ఎంత చిన్నదో!

కానీ ఆ రోజుకి ఆ యంత్రం ఆపకుండా సుమారు 100 గంటలసేపు నడిచింది. 100 గంటలంటే 3 లక్షల 60 వేల సెకన్లు, అంటే 36 లక్షల టిక్కులు. 36 లక్షలని ఆ చిన్న ముక్కతో గుణించండి. 0.34 సెకను. స్కడ్ సెకనుకి కిలోమీటరున్నరకి పైగా వెళ్తుంది. 0.34 సెకనులో అర కిలోమీటరు దాటిపోతుంది. పేట్రియట్ దాని కోసం ఆకాశంలో తప్పు చోట వెతికింది. అక్కడ ఏమీ కనిపించలేదు. ఏమీ లేదనుకుంది.

తర్వాత 1992లో రాబర్ట్ స్కీల్ అనే ఆయన ఇంకో సంగతి వివరించారు. పేట్రియట్‌కి నిజంగా కావలసింది "ఎప్పుడు" కాదు, ఒక రాడార్ చూపుకీ ఇంకో చూపుకీ మధ్య "ఎంతసేపు" అన్నదే. రెండు సమయాల్లోనూ ఒకేలాంటి తప్పు ఉంటే, తీసివేతలో ఆ తప్పు దాదాపు పోయేది. కానీ అంతకుముందు ఎవరో ప్రోగ్రాముని బాగు చేస్తూ, సెకన్లని మరింత కచ్చితంగా లెక్కకట్టే కొత్త పద్ధతిని కొన్ని చోట్ల పెట్టారు, అన్ని చోట్లా పెట్టలేదు. అందుకని తీసివేతలో ఒక సమయం సరిగ్గా ఉంది, ఒకటి తప్పుగా ఉంది. తప్పు మొత్తం మిగిలిపోయింది. సగం బాగు చేయడమే ఇక్కడ ముప్పు తెచ్చింది.

ఇంకొకటి, ఇది నాకు అన్నిటికన్నా బాధగా అనిపించేది. సమస్య ముందే తెలుసు. కొద్ది గంటలు నడిపితేనే గురి జరుగుతోందని ఇజ్రాయెల్ నుంచి ఆ నెల 11నే సమాచారం వచ్చింది. బాగు చేసిన ప్రోగ్రాము ఫిబ్రవరి 16న తయారైంది. ఫిబ్రవరి 21న వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక పంపారు, యంత్రాన్ని చాలాసేపు నడిపితే గురి తప్పవచ్చని. "చాలాసేపు" అంటే ఎంతసేపో అందులో చెప్పలేదు. ఎనిమిది గంటలా? ఇరవయ్యా? వందా? యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేస్తే లెక్క సున్నా నుంచి మొదలయ్యేది, గురి సరిపోయేది. కొత్త ప్రోగ్రాము దహ్రాన్‌కి చేరింది ఫిబ్రవరి 26న. ఒక రోజు ఆలస్యంగా. ఇవన్నీ అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ 1992 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికలో ఉన్నాయి.

నెల ఎంత పొడవు?

దహ్రాన్‌లో జరిగింది "ఎంతసేపు" తప్పు. "ఎన్నాళ్ళు" తప్పులు ఇంత భయంకరంగా ఉండవు. కానీ అవి రోజూ జరుగుతాయి.

జనవరి 31కి ఒక నెల కలపండి. ఫిబ్రవరి 31 లేదు. ఏం చేయాలి? సీ భాషలో తేదీని సరిచేసే పాత పద్ధతి ప్రకారం ఫిబ్రవరి 31 అంటే ఫిబ్రవరి 28 దాటి ఇంకో మూడు రోజులు, అంటే మార్చి 3. జావాస్క్రిప్ట్‌లో నెలని ఒకటి పెంచినా ఇదే జవాబు. ఇంకొన్ని భాషల్లో నెల చివరి రోజు దగ్గర ఆగి ఫిబ్రవరి 28 అంటారు. రెండిటికీ న్యాయం ఉంది. కానీ జీతం, అద్దె, అప్పు వాయిదా లెక్కపెట్టే ప్రోగ్రాములో ఏది అన్నది ముందే తేల్చాలి.

రెండో జవాబులో ఇంకో వింత ఉంది. జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 28. దానికి ఇంకో నెల కలిపితే మార్చి 28. అదే జనవరి 31కి ఒకేసారి రెండు నెలలు కలిపితే మార్చి 31. బడిలో నేర్చుకున్న కూడికలో ఒకటీ ఒకటీ కలిపినా, రెండు కలిపినా ఒకటే. నెలల కూడిక ఆ మాట వినదు.

ఈ సంగతి ముందుగా పట్టుకున్నవాళ్ళలో డేటాబేస్ వాళ్ళు ఉన్నారు. ఎస్‌క్యూఎల్ భాషకి 1992లో వచ్చిన ప్రమాణంలో కాలం పొడవుకి రెండు వేర్వేరు రకాలు పెట్టారు. ఒకటి ఏళ్ళూ నెలలూ. రెండోది రోజులూ గంటలూ నిమిషాలూ సెకన్లూ. మొదటి దాన్ని రెండో దానిలోకి మార్చనివ్వరు, ఎందుకంటే నెలకి ఇన్ని రోజులని చెప్పలేం. ఏడాదికి 12 నెలలు ఖాయం. గంటకి 60 నిమిషాలు ఖాయం. నెలకీ రోజుకీ మధ్య మాత్రం గోడ ఉంది. ఆ గోడని వాళ్ళు భాషలోనే కట్టారు.

దహ్రాన్ మీద నివేదిక వచ్చిన ఏడాదే ఇది కూడా వచ్చింది. కానీ మిగతా భాషలు వినలేదు. జావాస్క్రిప్ట్ 1995లో పది రోజుల్లో తయారైంది. దానికి తేదీలని జావా నుంచి తెచ్చారు. జావా మొదటి రూపం 1996 జనవరిలో వచ్చింది. అందులో నెలలు సున్నా నుంచి మొదలు, అంటే జనవరి 0, డిసెంబరు 11. కాలం పొడవుకి ప్రత్యేకమైన టైప్ ఏదీ లేదు. ఏడాది తర్వాత వచ్చిన కొత్త రూపంలోనే ఆ తేదీ పద్ధతులు చాలావాటిని ఇక వాడవద్దన్నారు, వాటి బదులు క్యాలెండర్ అనే కొత్తదాన్ని పెట్టారు. అదీ సుఖంగా లేదు. జావా ఆ తేదీలని పక్కన పెట్టింది కానీ, జావాస్క్రిప్ట్ తెచ్చుకున్నవి అందులోనే ఉండిపోయాయి. వెబ్ పేజీలు పాడవకూడదు కదా.

రెండు మాటలు దొరికాయి

2002లో స్టీఫెన్ కోల్‌బోర్న్ అనే బ్రిటిష్ ప్రోగ్రామర్ జావా కోసం జోడా టైమ్ అనే లైబ్రరీ మొదలుపెట్టారు. అందులో డ్యూరేషన్ వేరు, పీరియడ్ వేరు. డ్యూరేషన్ అంటే కచ్చితంగా ఇన్ని మిల్లీసెకన్లు. పీరియడ్ అంటే ఇన్ని ఏళ్ళు, ఇన్ని నెలలు, ఇన్ని రోజులు. ఒక తేదీకి కలిపితే తప్ప దాని అసలు పొడవు తెలియదు. మన మాటల్లో ఒకటి "ఎంతసేపు", ఇంకొకటి "ఎన్నాళ్ళు". ఈ ఆలోచన జావాలోకే రావాలని 2007లో పని మొదలైంది. 2014 మార్చిలో జావా 8తో వచ్చింది. ఏడేళ్ళు!

తేడా ఎక్కడ తెలుస్తుందో ఒక లెక్క చూద్దాం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున గడియారాలు గంట ముందుకి జరుగుతాయి. 2026లో అది మార్చి 8. న్యూజెర్సీలో మార్చి 7 శనివారం రాత్రి 9 గంటలకి ఇండియాకి ఫోన్ చేశారనుకోండి. అక్కడ ఆదివారం ఉదయం ఏడున్నర. "మళ్ళీ ఒక రోజు తర్వాత" అని ప్రోగ్రాములో రాశారు. పీరియడ్‌గా ఒక రోజు కలిపితే ఆదివారం రాత్రి 9. డ్యూరేషన్‌గా 24 గంటలు కలిపితే ఆదివారం రాత్రి 10, ఎందుకంటే ఆ రోజుకి ఉన్నది 23 గంటలే. మొదటిదైతే అమ్మమ్మకి ఉదయం ఆరున్నరకే ఫోన్ మోగుతుంది. రెండోదైతే మళ్ళీ ఏడున్నరకి. మీకు ఏది కావాలి? మీ గడియారమా, ఆవిడ గడియారమా? ఇండియాలో గడియారాలు జరగవు కాబట్టి ఏటా రెండుసార్లు ఈ ప్రశ్న మనలాంటి ఇళ్ళకి వస్తుంది.

మిగతా భాషలు ఒక్కొక్కటీ తమ దారి చూసుకున్నాయి. పైతాన్‌కి 2003లో తేదీల మాడ్యూల్ వచ్చింది. అందులో టైమ్‌డెల్టా రోజులు, సెకన్లు, మైక్రోసెకన్లు మాత్రమే దాచుకుంటుంది. నెలలు లేవు, ఏళ్ళు లేవు. అర్థం తేలని కొలతని లోపలికి రానివ్వలేదు. కానీ ఒక మెలిక ఉంది. ఒకే టైమ్ జోన్ తగిలించిన రెండు సమయాలని తీసివేస్తే, పైతాన్ గోడ గడియారాల తేడానే చూస్తుంది. పై ఉదాహరణలో శనివారం 9 నుంచి ఆదివారం 9కి 24 గంటలు అంటుంది, నిజంగా గడిచింది 23 అయినా.

సీ ప్లస్ ప్లస్ 2011లో క్రోనో అనే భాగం తెచ్చుకుంది. దాని వెనక ముఖ్యంగా ఉన్నది హోవర్డ్ హిన్నాంట్. ఇందులో సెకన్లు ఒక టైప్, మిల్లీసెకన్లు ఇంకో టైప్. సెకన్లు అడిగిన చోట ఉత్త అంకె ఇస్తే కంపైలర్ ఒప్పుకోదు. రెండు సెకన్లకి ఐదు వందల మిల్లీసెకన్లు కలిపితే రెండు వేల ఐదు వందల మిల్లీసెకన్లని తానే మారుస్తుంది. మిల్లీసెకన్లని సెకన్లుగా మారిస్తే ముక్క పోతుంది కాబట్టి, "పోతే పోనీ" అని మీరు విడిగా రాయాలి. ముక్కని కోసేటప్పుడు ఎవరికీ తెలియకుండా కోయకూడదన్నమాట. దహ్రాన్ చదివిన తర్వాత ఈ నియమం చాదస్తంలా అనిపించదు.

గో భాషలో డ్యూరేషన్ అంటే నానోసెకన్ల లెక్క. 64 బిట్లలో సుమారు 290 ఏళ్ళు పడతాయి. వాడుకోవడానికి నానోసెకను, మైక్రోసెకను, మిల్లీసెకను, సెకను, నిమిషం, గంట అని పేర్లు ఇచ్చారు. గంట దగ్గర ఆపేశారు. రోజు లేదు. కావాలనే పెట్టలేదని, గడియారాలు జరిగే రోజుల్లో గందరగోళం రాకూడదని ఆ భాష పత్రాల్లోనే రాశారు. మన "సేపు" ఆగిన చోటే గో కూడా ఆగింది! ఎవరూ ఎవరినీ చూసి నేర్చుకోలేదు. గంట వరకు కొలత మారదు, రోజు నుంచి మారుతుంది. ఎవరు జాగ్రత్తగా చూసినా గీత అక్కడే పడుతుంది.

గడియారమే వెనక్కి వెళితే

అన్నీ సరిగ్గా రాసినా ఇంకో చిక్కు మిగిలింది. భూమి తిరగడం గడియారమంత సమంగా ఉండదు. అందుకని 1972 నుంచి అప్పుడప్పుడు ఒక సెకనుని అదనంగా కలుపుతున్నారు. నెలలకి అధిక మాసం ఉన్నట్టు ఇది సెకన్లకి అధిక సెకను. 2016 చివరి వరకు అలా 27 సెకన్లు కలిపారు. యూనిక్స్ లెక్కలో మాత్రం ప్రతి రోజుకీ 86,400 సెకన్లే. అదనపు సెకనుకి చోటు లేదు. కాబట్టి చాలా కంప్యూటర్లు ఒకే సెకనుని రెండుసార్లు చెప్తాయి. అంటే గడియారం కాస్త వెనక్కి వెళ్తుంది.

2017 జనవరి 1 మొదలైన క్షణాన, గ్రీనిచ్ లెక్కన, ఇదే జరిగింది. క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీలో గో భాషలో రాసిన ఒక ప్రోగ్రాము ప్రశ్న పంపిన సమయాన్ని జవాబు వచ్చిన సమయంలోంచి తీసివేసింది. జవాబు మైనస్ వచ్చింది. ప్రశ్న అడగకముందే జవాబు వచ్చినట్టు! ఆ పొడవు మైనస్ కాగలదని ప్రోగ్రాము అనుకోలేదు, ఆగిపోయింది. తర్వాత ఆ కంపెనీయే మొత్తం వివరంగా రాసింది. వాళ్ళు చేసిన మరమ్మతు చాలా చిన్నది. "సున్నా అయితే" అన్న పరీక్షని "సున్నా గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే" అని మార్చారు.

అసలు మందు వేరే ఉంది. "ఎప్పుడు" చెప్పే గడియారం ఒకటి, "ఎంతసేపు" చెప్పే గడియారం ఇంకొకటి ఉండాలి. రెండోది ఎప్పుడూ ముందుకే వెళ్తుంది, తేదీ అడిగితే దానికి తెలియదు. జావాలో ఇలాంటిది 2004 నుంచి ఉంది, పైతాన్‌లో 2012 నుంచి. గో 2017 ఆగస్టులో తన సమయాల లోపల రెండు గడియారాలనీ కలిపి దాచుకోవడం మొదలుపెట్టింది. తీసివేత చేస్తే రెండో గడియారాన్ని వాడుతుంది. ఇక అధిక సెకన్ల సంగతి. 2035 లోపు ఈ పద్ధతిని మార్చాలని 2022 నవంబరులో అంతర్జాతీయ కొలతల సమావేశం నిర్ణయించింది.

మన కాగితాల్లో

ఇదంతా ప్రోగ్రామర్ల గొడవ అనుకోకండి. వేరే దేశంలో ఉండే మన జీవితమంతా "ఎన్నాళ్ళు" అనే ప్రశ్న మీద నడుస్తుంది. అమ్మానాన్నలు చూడ్డానికి వస్తే ఎన్నాళ్ళు ఉండొచ్చు? ఊరికి వెళితే ఎన్నాళ్ళ లోపు తిరిగి రావాలి?

చాలామంది ఆరు నెలలంటే 180 రోజులు అనుకుంటారు. లెక్క చూడండి. మార్చి 1 నుంచి సెప్టెంబరు 1కి 184 రోజులు. సెప్టెంబరు 1 నుంచి మళ్ళీ మార్చి 1కి 181, లీపు ఏడాదైతే 182. రెండూ ఆరు నెలలే. ఏదీ 180 కాదు. అందుకే కొన్ని చట్టాలు నెలల మాట ఎత్తవు. ఇండియా ఆదాయపు పన్ను చట్టంలో ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులో, ఆ పైనో ఇండియాలో ఉంటే అక్కడి నివాసిగా లెక్కపెడతారు. యూరప్‌లోని షెన్‌గెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లో అయినా 90 రోజులకి మించి ఉండకూడదు, వచ్చిన రోజూ వెళ్ళిన రోజూ రెండూ లెక్కలోకి వస్తాయి. కాగితం మీద "నెలలు" అని ఉంటే నెలలు లెక్కపెట్టాలి, "రోజులు" అని ఉంటే రోజులు లెక్కపెట్టాలి. ఒకదాన్ని ఇంకోదానిలోకి మనసులో మార్చుకుంటే విమానం టికెట్ తప్పు తేదీకి కొంటాం.

జావాస్క్రిప్ట్ కూడా చివరికి ఈ దారిలోకి వస్తోంది. టెంపొరల్ అనే కొత్త పద్ధతి ప్రమాణాల కమిటీలో 2021 మార్చిలో మూడో దశకి చేరింది. అందులో నెలలు ఉన్న పొడవుని గంటల్లో చెప్పమంటే, ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలని అది తిరిగి అడుగుతుంది. తేదీ ఇవ్వకపోతే జవాబు చెప్పదు. పాతికేళ్ళ పాటు తెలియకపోయినా ఏదో ఒక జవాబు చెప్పిన భాష, ఇప్పుడు తిరిగి ప్రశ్న వేయడం నేర్చుకుంది.

తెలుగులో కాలానికి మాటలు ఇంకా చాలా ఉన్నాయి. వ్యవధి అంటే రెండు సమయాల మధ్య ఉన్న పొడవు. గడువు అంటే ఒక పనికి ఇచ్చిన చివరి హద్దు. పూట అంటే రోజులో ఒక భాగం, దానికి గంటల లెక్క లేదు. "రెండు పూటలు" అంటే ఎన్ని గంటలో ఏ భాషలో ప్రోగ్రాము రాసినా తేలదు. మీ ఇంట్లో ఇలాంటి మాటలు ఏమేమి వాడతారు? "సేపు"ని గంట దాటించి వాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పెద్దవాళ్ళని అడిగి రాయండి.